నీటియొడ్డు పిట్ట యానవాలు

(సాంస్కృతిక సంఘపు సభలో చదువబడిన యుపన్యాసము)



నేటి ప్రసంగమునకు విషయమైన ప్రాణి మిక్కిలి చిన్నది. పొడవున 13 సెంటీమీటర్లు; బరువున సుమారు 13 గ్రాములు. అనగా మన యింటిచూరున తిరుగు పిచ్చుక బరువులో సగము. అది మన దేశపు పక్షి కాదు. పనామా మొదలుకొని దక్షిణ అమెరికా యుత్తరభాగమునందును, ట్రినిడాడు ద్వీపమునందును నీటియొడ్డున బ్రదుకును. ఆంగ్లమున దానిని పైడ్ వాటర్ టైరంట్ అందురు. పైడ్ అనగా నలుపు తెలుపుల కలయిక. వాటర్ అనగా నీరు. టైరంట్ అనగా నిరంకుశ ప్రభువు. 13 గ్రాముల నిరంకుశ ప్రభువు! ఆ బిరుద మెట్లు వచ్చినదో తరువాత చెప్పబడును.

సముద్రముల కావలనున్న యింత చిన్న పిట్టను గూర్చి తెలుగువారి సభలో ముచ్చటింపవలసిన పనియేమని కొందఱికి తోచవచ్చును. కారణములు రెండు కలవు. మొదటిది: తెలుగుగడ్డనుండి పోయినవా డెవ్వడైనను ఆ పిట్టను చూచిన తోడనే "ఇది మన కాటుకపిట్ట" యనును, అట్లనుట పొరపాటు. ఆ పొరపాటెట్లు కలుగునో, దాని నెట్లు దిద్దుకొనవలయునో తెలిసికొన్నచో ఏ పక్షినైనను ఆనవాలు పట్టుటకు దారి దొరకును. రెండవది: ఆ పిట్ట తిరుగు ద్వీపమునకు మద్రాసు రేవునుండి ఓడలెక్కి పోయినవారిలో తెలుగువారును గలరు. వారి యానవాలు సయితము లోకమునకు సరిగా దక్కలేదు.

ముందుగా స్థలమును గూర్చి రెండుమాటలు. ట్రినిడాడు వెనెజువేలా తీరమునకు చేరువనున్న ద్వీపము. వైశాల్యము సుమారు 4,800 చదరపు కిలోమీటర్లు. భూమధ్యరేఖకు ఉత్తరమున 10, 11 డిగ్రీల నడుమ నుండుటచేత మన తంజావూరును అదియు నించుమించుగ ఒకే అక్షాంశముపై నున్నవి. ఆ యెండ, ఆ వాన, ఆ పచ్చదనము దక్షిణాదివారికి క్రొత్తవి కావు. పడమటి తీరమున కరోని నది సముద్రముతో కలియుచోట మడ యడవులతో నిండిన పెద్ద చిత్తడి కలదు. తూర్పుతీరమున నరీవా యను మంచినీటి చిత్తడి కలదు. నడుమ పల్లపు నేలలలో వరిమళ్ళు, పంటకాలువలు, చెఱువులు. కొబ్బరిచెట్టు, మామిడిచెట్టు కానవచ్చుచునే యుండును.

అట్టి వరిమడి గట్టున ఒక పిట్ట కనబడినదనుకొందము. నలుపు తెలుపుల పిట్ట, నీటియొడ్డున తిరుగుచున్నది, పురుగులను పట్టుచున్నది, నిలుకడలేక కదలుచున్నది. మన ఖంజనపక్షి లక్షణము లన్నియు కుదిరినట్లే యున్నవి. కవులు నాయిక కన్నులకు ఉపమానముగా చెప్పిన ఖంజనము, పల్లెలలో కాటుకపిట్టయని పిలువబడునది, ఇదియే కాబోలునని మనస్సు తీర్పు చెప్పివేయును. మనస్సునకు తొందర యెక్కువ. ఫైలును చదువకమునుపే నోటువ్రాయు గుమాస్తావలె అది కన్నులు చూడకమునుపే పేరు పెట్టును. పక్షులను గుర్తుపట్టు విద్యలో మొదటిపాఠము ఈ తొందరను ఆపుకొనుటయే.

తొందరను ఆపుకొనుటకు ఐదు ప్రశ్నలు చాలును. పిట్ట యుండు తావేది? దాని మేనితీరేమి? నడవడి యెట్టిది? రంగు లేయే చోట్ల నున్నవి? గొంతెట్లున్నది? చూచినది నలుపా, తెలుపాయను ప్రశ్న వీనిలో నాలుగవదిగాని మొదటిది కాదని గమనింపవలయును. పిల్లలు రంగునే ముందుగా చెప్పుదురు. వెలుతురు మాఱినచో రంగు మాఱును, బురద పూసుకొన్నచో మాఱును, వయస్సునుబట్టి మాఱును. తావును, తీరును, నడవడియును అంత తొందరగా మాఱవు.

తావు విషయము చూతము. ట్రినిడాడు పిట్ట నీటిని విడిచి దూరము పోదు. చిత్తడి పచ్చికబయళ్ళు, మడ యడవుల యంచులు, చెఱువుగట్లు, కాలువలు దాని నివాసములు. నీటిమీదికి వంగిన కొమ్మమీదనో, గట్టుమీది గుంజమీదనో, జమ్ము కాడమీదనో నేలకు దగ్గరగా కూర్చుండును. ఎత్తైన చెట్టుకొనలకు పోవుట అరుదు. నీటిపై తేలు ఆకులమీద దిగి అటునిటు గెంతుచు మేతకు వెదకుటయు కలదు. ఇచ్చట ఒకమాట. మన చెఱువులను, కాలువలను కప్పివేయుచున్న గుఱ్ఱపుడెక్క మొక్క పుట్టినిల్లు ఈ పిట్టయుండు దక్షిణ అమెరికా ఖండమే. మొక్క మన దేశమునకు వచ్చి చేరినది. పిట్ట మాత్రము అచ్చటనే యుండిపోయినది.

ఈ మొదటి ప్రశ్నవలన రెండు పిట్టలను వేఱుచేయ వీలులేదు. కాటుకపిట్టయు నీటియొడ్డుదే. కావున రెండవ ప్రశ్నకు పోవలయును.

మన కాటుకపిట్టలలో పెద్దది, సంవత్సరము పొడవునను ఇచ్చటనే యుండునది యొకటి కలదు. దాని పొడవు సుమారు 21 సెంటీమీటర్లు. అందులో తోకభాగ మెక్కువ. సన్నగా సాగిన దేహము, పొడవైన తోక, నేలపై నిలిచినప్పుడు గీచిన గీతవలె నుండును. ట్రినిడాడు పిట్ట 13 సెంటీమీటర్లే. తోక పొట్టి; దేహము గుండ్రన; తల దేహమునకు తగినంత పెద్దది. కొలబద్ద లేకున్నను ఈ భేదము తెలియును. పిచ్చుకకన్న పెద్దదా, చిన్నదాయని యడిగికొన్నచో చాలును. పెద్ద కాటుకపిట్ట పిచ్చుకకన్న పెద్దది. ట్రినిడాడు పిట్ట పిచ్చుకకన్న చిన్నది.

మూడవది నడవడి. కాటుకపిట్ట నడచును, పరుగెత్తును. ఒక కాలు తరువాత ఒక కాలు వేయును. నిలిచినప్పుడెల్ల తోకను క్రిందికిని మీదికిని ఆడించును. అందువలననే ఆంగ్లేయులు దానికి వాగ్‌టెయిల్, అనగా తోకనాడించునది, అని పేరిడిరి. ట్రినిడాడు పిట్ట తోక నాడించుటకు పేరుపడినది కాదు. అది చాలసేపు ఒక బహిరంగ స్థలమున కూర్చుండి చూచును. పురుగు కనబడగానే చివాలున లేచి, గాలిలోనో, నీటిమీదనో, నేలమీదనో దానిని పట్టి, మరల కూర్చుండును. మాటువేసి పట్టుట దాని వృత్తి. తోటివానికి తనయునికిని చాటుటకో, జతను ఆకర్షించుటకో, అప్పుడప్పుడు తేలిపడుచు ఎగురు ఒక విధమైన విన్యాసమును చేయును.

నాలుగవది రంగుల పంపకము. ఎన్నిరంగులున్నవని గాక ఏ రంగు ఎచ్చట నున్నదని చూడవలయును. ట్రినిడాడు పిట్టకు నుదురు, చెక్కిళ్ళు, గొంతు, రొమ్ము, పొట్ట అన్నియు తెలుపు. మెడవెనుక భాగము, వీపు, ఱెక్కలు, తోక నలుపు. ఎదుటనుండి చూచినచో అది తెల్లని పిట్ట. వెనుకనుండి చూచినచో నల్లని పిట్ట. మన పెద్ద కాటుకపిట్టకు తల, గొంతు, రొమ్ము నలుపు. ఆ నల్లని ముఖముమీద కంటిపై తెల్లని కనుబొమ దిద్దినట్లుండును. కనుక ముఖమును చూచినచో తగవు తీరిపోవును: నల్లని ముఖముపై తెల్లని కనుబొమ యున్నచో కాటుకపిట్ట, ముఖమంతయు తెలుపైనచో ఆ ద్వీపపుది. ఆ పిట్టలలో ఆడుమగలు ఇంచుమించుగ ఒకేరీతి నుండును. ఆడుదాని నలుపులో కొంత గోధుమరంగు కలిసియుండవచ్చును. పిల్లలకు నలుపుండవలసిన చోట్ల గోధుమరంగే యుండును. రంగునే నమ్ముకొన్నవాడు పిల్లపిట్టను మఱియొక జాతిగా లెక్కపెట్టును.

ఐదవది గొంతు. కాటుకపిట్ట పాట ఈలవలె స్పష్టముగా, తీయగా నుండును. ట్రినిడాడు పిట్ట ముక్కుతో పలికినట్లు "జ్వీఊ" యని సాగదీసి పలుకును. దానిలో మాధుర్యము తక్కువ. కాని చెవికి ఒకమాఱు పట్టినచో మఱువబడదు.

ఈ ఐదు ప్రశ్నలకు సమాధానములు దొరకినపిమ్మట కాటుకపిట్ట సంగతి తేలిపోయినది. కాని పని పూర్తికాలేదు. అదే చిత్తడిలో మఱియొక చుట్టము కలదు. ఆంగ్లమున దానిని వైట్ హెడెడ్ మార్ష్ టైరంట్, అనగా తెల్లతల చిత్తడిప్రభువు అందురు. పొడవును నించుమించుగ నంతయే. మగది తలమాత్రము తెలుపు, మిగిలిన దేహమంతయు కారునలుపు; ముక్కు క్రిందిభాగపు మొదట కొంచెము పసుపు. దీనిని గుర్తించుట సులభము. పొట్ట తెలుపైనచో మొదటిది, పొట్ట నలుపైనచో రెండవది. చిక్కంతయు రెండవదాని ఆడుపిట్టతో వచ్చును. దాని వీపు, ఱెక్కలు గోధుమవన్నె, తోక నలుపు, నుదురు, చెక్కిళ్ళు, పొట్ట మాసిన తెలుపు. అనగా అది మొదటిజాతి పిల్లపిట్టవలె నుండును. అప్పుడు రంగుమీద తీర్పు చెప్పరాదు. కొంతసేపు కాచియుండవలయును. పిల్లపిట్ట యైనచో తల్లిదండ్రులు దగ్గఱలో నుందురు. ఆడుపిట్ట యైనచో నల్లని దేహము, తెల్లని తలగల మగడు ఏ జమ్ముకాడమీదనో కనబడక మానడు. ఒంటరిగా చూచినప్పుడు తెలియని వ్యక్తి కుటుంబముతో చూచినప్పుడు తెలియుట మనుష్యులలోను కలదు గదా!

ద్వీపమును దాటి ఖండమునకు పోయినచో మఱి యిద్దఱు చుట్టములు కలరు. బ్రెజిలు తూర్పుప్రాంతములందుండు దానికి వీపు నలుపు కాదు, బూడిద కలిసిన తెలుపు. కంటిమీదుగా నల్లని గీత ముసుగు వేసినట్లుండును. ఈక్వడారు, పెరూ దేశముల పడమటి ప్రాంతములందును అది కలదు. మఱియొకటి బొలీవియా, అర్జెంటీనా, బ్రెజిలు దేశములది. దానికి నడినెత్తివఱకు తెలుపు వ్యాపించియుండును. ట్రినిడాడులో నిలిచినవానికి ఈ రెండిటి భయము లేదు. తావు మొదటిప్రశ్నగా నుండుటకు కారణమిదియే. ఎచ్చట నిలిచి చూచుచున్నామో తెలిసినచో సగము పేర్లు వాటియంతట అవియే తొలగిపోవును.

ఈ చుట్టములందఱు ఒకే యింటివారని పూర్వపు పండితులకును వెంటనే తెలియలేదు. వర్గీకరణశాస్త్రమునకు పునాది వేసిన లిన్నేయసు 1764లో తెల్లతల పిట్టను పీప్రా యను వేఱొక గుంపులో చేర్చెను. 1766లో ముసుగుపిట్టను కీచుపిట్టల గుంపులో పెట్టెను. 1783లో బోడార్టు నేటి ప్రసంగనాయికను ఈగలుపట్టు పిట్టల గుంపులో నుంచెను. ముగ్గురు దగ్గరి చుట్టములు మూడు వేఱువేఱు రిజిష్టరులలో నమోదైరి! పెట్టెలలో వచ్చిన చర్మములను, కుంచెతో వ్రాసిన బొమ్మలను చూచి పేరు పెట్టుటవలన కలిగిన యిబ్బంది యిది. 1827లో స్వెయిన్సను ఫ్లూవికోలా యను జాతినామమును కల్పించెను. లాటినుభాషలో దానియర్థము నదీవాసి. తెల్లతలపిట్టకు తరువాత వచ్చిన జాతినామము అరుండినికోలా, అనగా రెల్లువాసి. నదీవాసియు రెల్లువాసియు పొరుగిండ్ల పేర్లవలెనే యున్నవి. ఇవి దగ్గరి బంధువులేయని నేటి జన్యుపరీక్షలును చెప్పుచున్నవి.

శాస్త్రజ్ఞుల పేర్లకన్న ప్రజల పేర్లు మిక్కిలి రుచిగా నుండును. స్పానిషుభాషలో ఈ పిట్టలను వియుదీతా అందురు. అనగా చిన్ని వితంతువు. ఆ దేశములలో భర్త పోయిన స్త్రీ నల్లని వస్త్రములు ధరించును గనుక ఆ పేరు వచ్చినది. బ్రెజిలులోని పోర్చుగీసుభాషలో తెల్లతలపిట్టను ఫ్రెయిరీన్యా, అనగా చిన్ని సన్న్యాసిని, అందురు. క్రైస్తవమఠములందలి సన్న్యాసినుల వేషము దానికి పోలిక. ముసుగుపిట్టను లవదెయిరా, అనగా చాకలిది, అందురు. ఎల్లప్పుడు నీటియొడ్డున నుండునది, తెల్లని గుడ్డ కట్టినది, చాకలిది గాక మఱేమగును? ఇచ్చట ఆశ్చర్యకరమైన సంగతి యొకటి కలదు. మన హిందీప్రాంతములలో కాటుకపిట్టను ధోబన్ అని పిలుచు వాడుక కలదు. ఒకరి నొకరెఱుగని రెండు ఖండముల ప్రజలు, సంబంధములేని రెండు పిట్టలను చూచి ఒకే పేరు పెట్టిరి. చూపు సరియైనదే, పేరును అందమైనదే, కాని పేరు కలిసినంతమాత్రమున వంశము కలియదు.

వంశమన్నమాట వచ్చినది గనుక ఈగలుపట్టు పిట్టల సంగతి చెప్పక తప్పదు. ఆంగ్లమున ఫ్లైకేచర్ అనునది వృత్తినామము. మాటువేసి, ఎగురుచున్న పురుగును పట్టు పక్షి నెల్ల ఆంగ్లేయులు అట్లే పిలిచిరి. ఐరోపాలో చూచిన పిట్టకు పెట్టిన పేరును అమెరికాకు పోయినపిమ్మట అచ్చటి పిట్టకును పెట్టిరి. నిజమునకు రెండును వేఱువేఱు కుటుంబములు. అమెరికా కుటుంబమునకు టిరానిడే యని పేరు. దానిలో 400కు పైగా జాతులు కలవు. పక్షికుటుంబము లన్నిటిలోను అదియే పెద్దది. అది అమెరికాఖండములలో తప్ప మఱెచ్చటను లేదు. ఆ కుటుంబమున ఒక పిట్ట గ్రద్దలనుగూడ తఱిమికొట్టును. దాని ధైర్యమును చూచి టైరంట్ అని పేరిడిరి. ఆ యొక్కని బిరుదమే కుటుంబమందఱికి నింటిపేరైనది. 13 గ్రాముల పిట్ట ప్రభువగుటకు కారణమిదియే.

రెండు కుటుంబములును వేఱని మొదట తెలియజేసినది గొంతు. 1847లో జర్మను శాస్త్రజ్ఞుడు యోహానెస్ మ్యూలరు ఇట్టి చిన్నపక్షుల కంఠనిర్మాణమును పరిశీలించిన తన శోధనను ప్రకటించెను. అమెరికా టైరంటుల స్వరపేటిక కట్టుబాటు వేఱు. పాడు పక్షులయందలి కండరముల యమరిక వానికి లేదు. పాట నేర్చుకొనుటలోను భేదము కలదు. పాడు పక్షుల పిల్లలు పెద్దలపాట విని నేర్చుకొనును. టైరంటుల కుటుంబములోని ఫీబీ యను పిట్ట పిల్లలకు వినికిడి లేకుండ జేసి పెంచినను అవి తమజాతి పాటనే పాడినట్లు 1991లో ప్రకటితమైన పరిశోధన తెలిపినది. అనగా మనవంటివారివలె వినినేర్చు పక్షులు కొన్ని. పుట్టుకతోనే పాటను తెచ్చుకొను పక్షులు కొన్ని.

మన దేశములో ఈ టైరంటులకు చుట్టములున్నారాయని యడుగవచ్చును. ఉన్నారు. కాని కాటుకపిట్ట కాదు. ఈగలుపట్టు మన పిట్టలును కావు. హిందీలో నవరంగ్ అని పేరొందిన తొమ్మిది రంగుల పిట్ట కలదే, వానకారుకు ముందు అడవులలో కూయునది, అది దూరపు చుట్టము. రూపములో, రంగులో, నడవడిలో ఎచ్చటను పోలికలేదు. ఇక మన యీగపట్లలోను తికమక తక్కువకాదు. తోకపిగిలిపిట్టను పారడైజ్ ఫ్లైకేచర్ అందురు. కాని అది ఫ్లైకేచరుల కుటుంబములోనిది కాదు, పసులపోలిగానికి దగ్గర. ఎవ్వరును ఫ్లైకేచర్ అనని మన పెద్దనల్లంచిని నేటి శాస్త్రము ఫ్లైకేచరుల కుటుంబములోనే చేర్చినది. పేరున్నవానికి చోటులేదు, చోటున్నవానికి పేరులేదు!

ఇక ఆ పిట్ట సంసారము. నీటికి చేరువగానో, నీటిపైననో వంగిన కొమ్మచివర గడ్డితో, ఇతరపు నారపీచులతో బంతివంటి గూడు కట్టును. ద్వారము ప్రక్కన నుండును. లోపల ఈకలు పఱచును. మన గిజిగాని గూటికున్న పొడవైన గొట్టము దీనికి లేదు. రెండుగాని మూడుగాని గ్రుడ్లు. మీగడవన్నెపై కొలది గోధుమచుక్కలు. ఆడుమగలు రెండును పొదుగును. క్రింద నీరుండుట కొన్ని శత్రువులనుండి రక్షణయే. కాని రక్షణ లేని శత్రువొకడు కలడు. మన కోకిల కాకిగూటిలో గ్రుడ్డుపెట్టినట్లు అచ్చట కౌబర్డ్ అను మెఱపునల్లని పక్షి ఈ పిట్ట గూటిలో గ్రుడ్డుపెట్టిపోవును. 13 గ్రాముల దంపతులు తమకన్న పెద్దదైన పరాయిపిల్లకు మేత తెచ్చి పెట్టలేక పెట్టుచుందురు. ఎన్నో ఆనవాళ్ళు తెలిసిన పిట్టకు తన గూటిలోని పరాయిగ్రుడ్డు ఆనవాలుమాత్రము తెలియదు.

ఇక మనుష్యుల సంగతి. 1845 మే 30వ తేదీన ఫతేల్ రజాక్ అను ఓడ కలకత్తానుండి బయలుదేఱి ట్రినిడాడు చేరినది. ఒప్పందపు కూలీలుగా భారతీయులు ఆ ద్వీపమునకు పోవుట అట్లు మొదలై 1917 వఱకు సాగినది. ఆ కాలమున పోయినవారు 1,40,000కు పైబడినవారు. వారిలో అధికసంఖ్యాకులు గంగాతీరపు జిల్లాలవారు, కలకత్తానుండి పోయినవారు. కొన్నివేలమంది మద్రాసు రేవునుండి పోయిరి. చెఱకుతోటలలో పనిచేయుటకు తీసికొనిపోబడిన ఆ భారతీయులు పల్లపుభూములలో మడులు కట్టి వరి పండించిరి. ఆ మడులు మనుష్యులకు అన్నము పెట్టినవి. నదీవాసి పిట్టకు నిలుచుటకు గట్టును, తినుటకు పురుగును ఇచ్చినవి. చిన్న రైతుల వరిమళ్ళకును ఆ పిట్టకును వైరము లేదు.

మద్రాసు రేవునుండి పోయినవారిలో తమిళులు కలరు, తెలుగువారు కలరు. ఓడ దిగినపిమ్మట అందఱును మద్రాసీలే. ఎక్కిన రేవుపేరే కులము, భాష, ఊరు అన్నిటికిని బదులైనది. ఏ కోటిపల్లి రేవులోనో, ఏ విశాఖపట్టణపు పల్లెలోనో పుట్టినవాని మాటయు, పాటయు ఆ యొక్క పదముక్రింద మఱుగుపడినవి. తరములు గడచినకొలది తెలుగు మాటాడువారు తగ్గి, ఆ భాష అచ్చటి యిండ్లలో వినబడకుండ పోయినది. ఉత్తరదేశమున ఉద్యోగములు చేయు తెలుగువారికి ఈ మాట విడమఱచి చెప్పనక్కఱలేదు. రెండుపూటల సాంబారు, ఇడ్లీ, వింధ్యకు దక్షిణమున నున్న చిరునామా, ఇవి చాలును మద్రాసీ యగుటకు. ఇందులో ద్వేషమేమియు లేదు. నలుపుతెలుపులను చూచి కాటుకపిట్ట యనుట యెట్టిదో ఇదియు నట్టిదే. చూచినవాడు ఐదుప్రశ్నలలో ఒకటిమాత్రమే యడిగి ఊరకుండెను. విచిత్ర మేమనగా మన పెద్ద కాటుకపిట్టకును 1789లో గ్మేలిను పెట్టిన శాస్త్రీయనామము మొటాసిల్లా మదరాస్పటెన్సిస్. మద్రాసుపట్టణపుదని యర్థము. యమునాతీరమున పుట్టి పెరిగి మద్రాసు మొగమెఱుగని పిట్టయు ఆ లెక్కలో మద్రాసీయే!

పేరు తప్పినచో నష్టమేమని యడుగువారికి నరీవా చిత్తడి సమాధానము చెప్పును. ఆ చిత్తడి అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడులను గూర్చిన రామ్‌సార్ ఒడంబడికలో చేరినది. కాని 1980, 1990 దశాబ్దములలో కొందఱు పెద్ద సాగుదారులు అనుమతి లేకయే దానిలో విస్తారముగా కాలువలు త్రవ్వి వరి వేసిరి. ఇది చిన్న రైతు మడివంటిది కాదు. నీటిదారులే మాఱిపోయినవి; చిత్తడి యంగములు ఎండిపోయినవి. 1993లో దానిని ఆపదలోనున్న చిత్తడుల పట్టికయందు చేర్చిరి. 1996లో ఆ సాగుదారులను తొలగించిరి. అటుపిమ్మట చిత్తడిని మరల నిలువదొక్కింప ప్రయత్నములు సాగినవి. 1999 మొదలు, ద్వీపమునుండి మాయమైపోయిన నీలపు పసుపు పెద్దచిలుకలను గయానానుండి తెచ్చి అచ్చట విడిచిరి.

ఇట్టి సమయములలో చిత్తడి బ్రదికియున్నదా, చచ్చినదాయని తెలిసికొనుటకు పక్షులను లెక్కింతురు. అప్పుడు ఆనవాలే సాక్ష్యము. నదీవాసి పిట్ట గట్టిపిండము. చిత్తడి పోయి కాలువ మిగిలినను, కాలువ పోయి మురుగుగుంట మిగిలినను సర్దుకొని బ్రదుకును. కావున అది యొక్కటి కనబడినంతమాత్రమున చిత్తడి క్షేమముగా నున్నదని చెప్పరాదు. నీటియొడ్డున కనబడిన నలుపు తెలుపు పిట్టలనెల్ల ఒకే పేరుతో వ్రాసినవాడు, వానిలో ఒక జాతి పూర్తిగా తగ్గిపోయినను కనిపెట్టలేడు. లెక్క సరిపోవును, పక్షి యుండదు. రికార్డులతో కాలము గడుపువారికి ఈ ప్రమాదము బాగుగా తెలిసినదే. కాగితముమీద లేని మార్పు ప్రభుత్వమునకు కనబడదు. కాగితముమీద నెక్కవలయునన్నచో చూచినవాడు సరిగా చూచి, సరియైన పేరు వ్రాయవలయును.

ట్రినిడాడునకు పోవు యోగము అందఱికి నుండదు. అవసరమును లేదు. యమునయొడ్డున ఓఖ్లా కలదు. తెలుగునాట కొల్లేరు కలదు, పులికాటు కలదు, ఊరూర చెఱువు కలదు. వచ్చు సెలవుదినమున పిల్లలను వెంటబెట్టుకొని తెల్లవాఱుజామున నీటియొడ్డునకు పోవుడు. దుర్భిణి యున్నచో మేలు; లేకున్నను కొఱత లేదు. ఒక నోటుపుస్తకము, ఒక పెన్సిలు చాలును. నలుపు తెలుపు పిట్ట కనబడగానే పిల్లవాడు పేరు చెప్పబోవును. చెప్పనీయకుడు. మొదట తావు వ్రాయుమనుడు. పిమ్మట పిచ్చుకకన్న పెద్దదా, చిన్నదా వ్రాయుమనుడు. నడచుచున్నదా, గెంతుచున్నదా, తోక నాడించుచున్నదా వ్రాయుమనుడు. ముఖము నలుపా తెలుపా, కనుబొమ యున్నదా చూచి బొమ్మ గీయుమనుడు. కూతను చెవికి తోచిన తెలుగక్షరములలో వ్రాయుమనుడు. మన లిపికి ఏ కూతనైనను పట్టు శక్తి కలదు. పేరు చివరి పంక్తిలో వ్రాయవచ్చును. తెలియనిచో ఆ పంక్తిని ఖాళీగా నుంచవచ్చును. మఱుసటి ఆదివారము నిండును.